సైకిల్ చైన్ సాగిందా, అరిగిందా?

“చైన్ సాగింది, ఫ్రీవీల్ కూడా మార్చాలి” అని షాపువాడు అంటే నమ్మాలా? యాంగోన్ నగరంలో 2003లో మోటారు సైకిళ్ళను నిషేధించారు. అందుకే ఇన్సేన్‌లో సైకిల్ తొక్కే నాబోటివాళ్ళకూ, సైకా (ప్రయాణికుడు పక్కన కూర్చునే రిక్షా) లాగేవాళ్ళకూ ఇది డబ్బుతో కూడిన ప్రశ్న.

నిజానికి చైన్ పలకలు సాగవు. పిన్నులూ, అవి తిరిగే రంధ్రాలూ అరుగుతాయి. మే నుంచి అక్టోబరు దాకా వానలు కదా, ఇసుక నూనెలో కలిసి ఉప్పు కాగితంలా రుద్దుతుంది.

ఒక మామూలు స్కేలు చాలు. చైన్‌ని బిగువుగా ఉంచి, ఒక పిన్ను మధ్యన సున్నా పెట్టండి. పిన్నుకీ పిన్నుకీ అర అంగుళం కనుక, అక్కణ్ణుంచి 24వ పిన్ను 12 అంగుళాల దగ్గర ఉండాలి. అది 1/16 అంగుళం ముందుకు జరిగితే అరుగుదల 0.5 శాతం, గేర్ల సైకిల్‌కి చైన్ మార్చేయడం మేలు. గేర్లు లేనివాటికి 1/8 దాకా ఆగవచ్చు.

గేర్ల సైకిల్‌కి 1/8 దాటిందంటే మాత్రం పళ్ళు కూడా అరిగి ఉంటాయి. అప్పుడు కొత్త చైన్ ఒక్కటే వేస్తే, గట్టిగా తొక్కినప్పుడు పళ్ళ మీంచి జారుతుంది. బస్సుల మధ్య అలా జారితే పడిపోతాం. కాబట్టి ఫ్రీవీల్ మార్చమన్న ప్రతివాడూ మోసగాడు కాడు. లాగ్ చూడకుండా సర్వర్ మార్చం కదా! నేను స్కేలు చేతికిచ్చి, “కొలిచి చూపించు” అంటాను. విసుక్కోకుండా కొలిచేవాడి మాట వింటాను.