పట్టాలు ఆగిన తీరం: ధనుష్కోటి స్టేషన్ నేర్పే పాఠం

తమిళనాడు యాత్ర ముగించుకొని వచ్చిన ఒక విద్యార్థి ఆ మధ్య తరగతిలో మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. “సార్, ధనుష్కోటిలో రైలు లేదు, పట్టాలు లేవు, నాలుగు మొండిగోడలు మాత్రం ఉన్నాయి. వాటిని చూడటానికి అంతమంది ఎందుకు వస్తున్నారు?” అప్పటికి ఏదో సమాధానం చెప్పి ఊరుకున్నాము గాని, అది మాకే తృప్తి కలిగించలేదు. ఆ లోటు తీర్చుకొనుటకే ఈ వ్యాసం.

రామేశ్వరం ద్వీపానికి ఆగ్నేయ కొసన, ఇరువైపులా సముద్రం గల సన్నని ఇసుక దిబ్బమీద వెలసిన ఊరు ధనుష్కోటి. 1914 ఫిబ్రవరిలో పాంబన్ వంతెన ప్రారంభమైనప్పుడు దాని దశ తిరిగింది. అంతకు పూర్వం మద్రాసు నుండి సింహళానికి పోవలసినవారు రైలులో తూత్తుకుడి చేరి, అక్కడ ఓడ ఎక్కి కొలంబో వెళ్ళేవారు. వంతెన వచ్చిన తరువాత రైలు నేరుగా ధనుష్కోటి రేవుకే చేరింది. అక్కడ దిగినవారు ఓడ ఎక్కి, ఇరవై పైచిలుకు మైళ్ళ జలసంధి దాటి, తలైమన్నార్‌లో సింహళపు రైలు అందుకొనేవారు. మద్రాసులో కొన్న ఒకే టికెట్టుతో కొలంబో చేరవచ్చును. రైలునూ ఓడనూ ముడివేసిన ఈ బండికి జనం పెట్టుకున్న పేరు ‘బోట్ మెయిల్’. స్టేషన్ చుట్టూ కస్టమ్స్ కార్యాలయం, తపాలా కార్యాలయం, పాఠశాల, చర్చి వెలిశాయి. సేతుస్నానానికి వచ్చే యాత్రికులతో ఆ తీరం కళకళలాడేది.

ఆ బండితో ముడివడిన ఒక బాల్యం మనకందరికీ స్ఫూర్తిదాయకమైనది. 1931లో రామేశ్వరంలో జన్మించిన ఏ.పి.జె. అబ్దుల్ కలామ్ తండ్రి, యాత్రికులను ధనుష్కోటికి చేరవేయటానికి ఒక పడవ నిర్మించుకున్నారు. దానిని ఒక తుపాను పొట్టన పెట్టుకొన్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో రామేశ్వరంలో రైలు ఆగటం మానివేసినప్పుడు, కదిలే బండిలోనుండి విసిరిన వార్తాపత్రికల కట్టలను ఏరి తెచ్చే పనిలో బాలుడైన కలామ్ తన దాయాదికి సాయపడి, తొలి సంపాదన కళ్ళజూశారు. రైలు ఆగకపోవటం కూడా ఒక పిల్లవానికి పని కల్పించినదన్నమాట!

అయితే విద్యార్థులు ఒక విషయం గమనించాలి. పాతవాటిని తలచుకొనేటప్పుడు మన మనస్సు మొదటి తరగతి పెట్టెలోనే కూర్చుంటుంది. మూడవ తరగతి వైపు తొంగి చూడదు. ఆ దారిన సింహళపు తేయాకు తోటలకు తరలిపోయిన వేలాది తమిళ కూలీలు వంతెనకు ఇవతలే, మండపం శిబిరంలో, ఆరోగ్య పరీక్షల కోసం రోజుల తరబడి ఆగవలసి వచ్చేది. వారి జ్ఞాపకాలలో బోట్ మెయిల్ విహారం కాదు, వలస. మన తెలుగు తీరానికీ ఇది పరాయి కథ కాదు. కాకినాడ, విశాఖపట్నం రేవులనుండి ‘రంగం’ ఓడ ఎక్కిన మన కూలీలకు కోరంగి రేవు పేరుమీదనే బర్మాలో ‘కోరంగీలు’ అన్న పేరు స్థిరపడినది. ఆ ఓడలూ నేడు లేవు.

1964 డిసెంబరు 22వ తేదీ రాత్రి తుపాను ధనుష్కోటిని ముంచివేసింది. పాంబన్ నుండి వందమందికి పైగా ప్రయాణికులతో బయలుదేరిన 653 నంబరు పాసింజరు, ఊరు ఇంకా కొద్ది దూరంలో ఉన్నదనగా ఉప్పెనలో కొట్టుకుపోయింది. అందులో ప్రాణాలతో బయటపడినవారు లేరు. ఊరూ, రేవూ, స్టేషనూ ఒక్క రాత్రిలో శిథిలాలైనాయి. ప్రభుత్వం ఆ ప్రదేశాన్ని నివాసయోగ్యం కాదని ప్రకటించింది.

దెబ్బతిన్న పాంబన్ వంతెనను ఇ. శ్రీధరన్ ఆధ్వర్యంలో ఇంజనీర్లు 46 దినాలలోనే బాగుచేశారు. కాని ధనుష్కోటికి మాత్రం రైలు తిరిగి రాలేదు. ఓడ ప్రయాణం రామేశ్వరం నుండి కొన్నాళ్ళు సాగి, సింహళంలో అంతర్యుద్ధం చెలరేగటంతో 1980లలో అదీ నిలిచిపోయింది. పట్టాలను తెంచినది సముద్రం. ప్రయాణాన్ని తెంచినది మనుష్యుల కలహం. ఈ భేదం గుర్తుంచుకోదగినది. ఆ యుద్ధంలో పాడైన తలైమన్నార్ రైలుమార్గాన్ని భారతదేశ సహాయంతో పునర్నిర్మించారు. 2015 మార్చిలో అవతలి ఒడ్డుకు రైలు మళ్ళీ వచ్చింది. ఇవతలి ఒడ్డున రైలు రామేశ్వరంతోనే ఆగుతున్నది.

పాంబన్ వంతెన మీద కూడా కాలం ఆగలేదు. 2007లో మీటరు గేజి పోయి బ్రాడ్‌గేజి వచ్చింది. 2022 డిసెంబరులో పాత వంతెనపై రాకపోకలు నిలిపివేశారు. ఓడలకు దారి ఇచ్చుటకు నిలువునా పైకి లేచే 72.5 మీటర్ల భాగం గల కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైంది. పాత వంతెనమీద బండి నెమ్మదిగా పోతుండగా కిటికీలోనుండి సముద్రం చూచినవారు నేడు నిట్టూర్చటం సహజమే. కాని ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టిన వంతెనమీద, మన బెంగ తీరటానికి, ప్రయాణికుల ప్రాణాలు పణం పెట్టరాదు గదా!

తెలుగులో ‘బెంగ’ మనిషిని కూలబెడుతుంది; ఉర్దూలో ‘యాద్’ మనిషిని పోయినవారి చెంతకు నడిపిస్తుంది. మొదటిది ఆ కాలం తిరిగి రావాలంటుంది. రెండవది ఆ కాలపు మనుష్యులను మరువరాదంటుంది. ధనుష్కోటికి పోయేవారు బెంగతో పోవచ్చును. తిరిగివచ్చేటప్పుడు యాద్‌తో రావాలి. మా విద్యార్థి అడిగిన ప్రశ్నకు మేము ఈనాడు చెప్పగల సమాధానం ఇదే. రైలు లేదని తెలిసీ జనం పోవటానికి కారణం, ఆ గోడల నడుమ కూలీ, యాత్రికుడు, సిగ్నల్ చూచి బండి నడిపిన డ్రైవరు ఒకప్పుడు నిలిచి ఉండటమే.

కాబట్టి విద్యార్థులకు మా మనవి ఒక్కటే. మీ ఇళ్ళలో రైల్వేలో పనిచేసినవారు, రంగం వెళ్ళి వచ్చినవారి సంతతివారు, ఆగిపోయిన బండ్లలో తిరిగినవారు ఉంటారు. ఈ సెలవులలో వారి పక్కన కూర్చుని, ఏ బండిలో ఎందుకు ఎక్కారో, ఎవరిని విడిచి వెళ్ళారో అడిగి వ్రాసుకొనండి. తెలుగులోనైనా సరే, ఉర్దూలోనైనా సరే. అటువంటి వ్రాతలకు వచ్చే సంచికలో కొన్ని పుటలు కేటాయించవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను కోరుతున్నాము. చెప్పగల పెద్దలు వెళ్ళిపోయిన తరువాత అడిగి ప్రయోజనం లేదు.