వరి కోతల్లో దొరికే కూనలు

చిరంజీవి మనవరాలికి, తాతయ్య ఆశీస్సులు.

వీధి పిల్లులకు రోజూ పాలు పోస్తున్నానని, ఇంకేం చేయాలో చెప్పమని రాశావు. ముందు ఆ పాలు మానెయ్యి తల్లీ. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి తగలకుండా ఉడికించిన చేప ముక్కో గుడ్డో పెట్టు, పక్కన మంచినీళ్లు ఉంచు. ఒళ్లు వెచ్చగా ఉందని పారాసెటమాల్ మాత్రం వేయకు, సగం బిళ్ల చాలు పిల్లి ప్రాణం తీయడానికి.

తిండికన్నా ముఖ్యం పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. ఆడపిల్లి ఐదారు నెలలకే ఎదకు వస్తుంది, రెండు నెలలు మోసి ఈనుతుంది, కూనలు పాలు మరవకముందే మళ్లీ చూలు కట్టగలదు. తిండి పెట్టి ఊరుకుంటే ఆకలి కడుపులను మనమే పెంచినట్టు. పశువుల డాక్టరుతో ముందే మాట్లాడు. దగ్గర్లో కుదరకపోతే ఖమ్మం తీసుకెళ్లాలి. బోను మీద గుడ్డ కప్పితే పిల్లి నెమ్మదిస్తుంది. మత్తులో ఉండగానే రేబిస్ టీకా వేయించు, చెవి కొన కొంచెం కత్తిరించమను. ఆ గుర్తు ఉంటే ఇంకెవరూ దాన్ని మళ్లీ పట్టి కోయించరు. కోలుకున్నాక పట్టిన చోటే వదలాలి. నిన్ను గీరినా కరిచినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడుక్కుని, ఆరోజే ఆసుపత్రికి వెళ్లు.

మన ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది. కిన్నెరసాని అడవి చుట్టుపక్కల పొలాల్లో, రెల్లు దుబ్బుల్లో జంగుపిల్లి ఎలుకలు తిని బతుకుతుంది. పొడుగు కాళ్లు, పొట్టి తోక, తోక చివర నల్లటి వలయాలు, చెవుల కొసన చిన్న నల్ల కుచ్చులు దాని ఆనవాళ్లు. వరి కోతల్లో దాని కూనలు బయటపడితే, ఒంటి మీది చారలు చూసి చిరుత పిల్లలని కొందరు హడలిపోతారు, తల్లి లేదని జాలిపడి కొందరు ఇంటికి తెస్తారు. తల్లి దగ్గర్లోనే దాక్కుని ఉంటుంది, మనుషుల అలికిడి తగ్గితే వచ్చి ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుపోతుంది. అందుకని కోత మిషను ఆపించు, ఆ మూల కొంత కోయకుండా వదిలించు, ఫారెస్టు బీటు ఆఫీసరుకు కబురు పెట్టు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం వాటిని ఇంట్లో పెంచుకోవడం నేరం.

ఊరి పిల్లుల రోగాలు జంగుపిల్లులకూ అంటుకుంటాయి, రెండూ జతకడితే జాతి కలిసిపోతుంది. స్కాట్లాండులో అడవి పిల్లి అలాగే దాదాపు కనుమరుగైంది. 2023 నుంచి మనుషుల సంరక్షణలో పెంచిన అడవి పిల్లులను తిరిగి అక్కడి కొండల్లో వదులుతున్నారు. వీధి పిల్లికి నువ్వు వేయించే టీకా, చేయించే ఆపరేషన్ జంగుపిల్లినీ కాపాడతాయి.

మీ ఇల్లు గోదారి ఒడ్డు కదా, వరద మాట కూడా చెబుతాను. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీరు 71.3 అడుగులకు చేరింది. మొదటి హెచ్చరిక 43 అడుగులకే ఇస్తారు. అప్పుడే పిల్లులను బుట్టల్లోకి ఎక్కించు. మూడో హెచ్చరిక 53 అడుగుల దాకా ఆగితే అవి బెదిరి అటకలెక్కుతాయి, చేతికి దొరకవు. బుట్ట మూతకు తాడు బిగించి కట్టు.

ఇట్లు,
తాతయ్య