చెప్పు తెగిన సీను

చిరంజీవి చిట్టికి,

కలకత్తా నుంచి అత్త దీవించి రాసేది.

నీ ఉత్తరం అందింది. తమ్ముడి ఫీజు కట్టేశావు, మీ అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది, ఇంటి లోను వాయిదా ఈ నెల కూడా నీ జీతంలోంచే వెళ్లింది. అన్నీ చదివాను, సంతోషించాను. కానీ చివర్లో నవ్వుతూ ఒక మాట రాశావు చూడు, చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుని ఆఫీసుకి వెళ్తున్నానని, అక్కడ నాకు గుండె ఆగింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో అడిగితే "చెప్పులే కదా అత్తా" అని తేల్చేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఆ మాటకి నాకు 'మేఘే ఢాకా తారా' సినిమా గుర్తొచ్చింది. నువ్వది చూడలేదు. ఋత్విక్ ఘటక్ తీశాడు, 1960లో వచ్చింది. దేశ విభజనకి తూర్పు బెంగాల్ వదిలేసి వచ్చి, ఈ ఊరి శివార్లలో శరణార్థుల కాలనీలో తలదాచుకున్న కుటుంబం కథ. నీత అని ఒక అమ్మాయి, సుప్రియా చౌదురి వేసింది. సినిమా మొదట్లోనే పేద్ద చెట్టు కింద నుంచి నడిచి వస్తుంది. నీళ్ల ఒడ్డున అన్న శంకర్ సంగీతం సాధన చేసుకుంటూ ఉంటాడు, వెనక రైలు పోతుంది. అన్న పాట విని మురిసిపోతుంది. ఆ తర్వాత కాలనీ వీధిలో నడుస్తుంటే చెప్పు పట్టీ తెగుతుంది. ఒక్క క్షణం ఆగి చూసుకుంటుంది, మళ్లీ నడుస్తుంది. అంతే. అందరూ ఆ పిల్ల ముఖం చూస్తారు గానీ కాళ్ల వంక ఎవరు చూస్తారు?

ట్యూషన్ డబ్బులు చేతికొచ్చిన రోజున చెల్లెలు చీర కావాలంటుంది, తమ్ముడు ఫుట్‌బాల్ ఆడటానికి బూట్లు కావాలంటాడు. ఇస్తుంది. ఎంత ఇష్టంగా ఇస్తుందో చూడాలి. తమ్ముడి కాళ్లకి బూట్లొస్తాయి, ఆమె కాళ్ల సంగతి ఎవరూ అడగరు, ఆమే అడగదు. తర్వాత చదువు మానేస్తుంది, ఉద్యోగంలో చేరుతుంది, పెళ్లి చేసుకుంటాననుకున్నవాడు చెల్లెల్ని చేసుకుంటాడు, చివరికి క్షయ. నీత తల్లి రాక్షసి కాదమ్మా. సంపాదించే పిల్ల వెళ్లిపోతే పొయ్యి ఎలా వెలుగుతుందని భయపడే మనిషి. మీ అమ్మ అలాంటిది కాదని నాకు తెలుసు, నువ్వు ఉడుక్కోకు. నా భయం మీ అమ్మ గురించి కాదు, నీ గురించే.

ఈ ఊళ్లో ఎవర్ని అడిగినా ఆ సినిమాలో షిల్లాంగ్ కొండల సీనే చెబుతారు. శానటోరియంలో అన్నని పట్టుకుని నాకు బతకాలనుందని నీత ఏడవడం, ఆ ఏడుపు కొండలన్నీ తిరగడం. గొప్ప సీనే, కాదనను. కానీ అప్పటికి ఎవరూ ఏమీ చేయలేరు. చెప్పు తెగినప్పుడు చేయవచ్చు. ఘటక్‌కి ఈ సంగతి తెలుసు. అందుకే కథ అయిపోయాక అదే కాలనీ వీధిలో ఇంకో అమ్మాయి చెప్పు తెగుతుంది. ఆమె కూడా ఓ నవ్వు నవ్వి సాగిపోతుంది. చూస్తున్నది శంకర్. నేనది చూసి హాల్లోంచి లేవలేకపోయాను. పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని లేపింది.

అప్పుడు నాది ఇక్కడి డల్హౌసీలో ఉద్యోగం. ఒకటో తారీఖున జీతం, రెండో తారీఖున ఖరగ్‌పూర్‌కి మనియార్డరు. నాన్నగారు రైల్వే వర్క్‌షాపు నుంచి రిటైరయ్యాక ఇల్లు ఎలా నడిచిందో నీకు తెలిసిందే. ఇక్కడి వానలు నువ్వు చూశావు కదా, ఠంఠనియా దగ్గర మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. వానాకాలమంతా మోచీ దగ్గర కుట్టించిన చెప్పులతోనే ట్రామెక్కేదాన్ని. కుట్టు మీద కుట్టు. సినిమా చూసిన మరుసటి నెల జీతం అందగానే నేరుగా బెంటింక్ స్ట్రీట్‌కి వెళ్లాను. అక్కడ చీనా వాళ్ల చెప్పుల షాపులు వరసగా ఉండేవి. ముసలి దుకాణదారు నా కాలు కాగితం మీద పెట్టించి పెన్సిల్‌తో గీత గీసుకున్నాడు. గోధుమరంగు తోలు చెప్పులు. మనియార్డరు ఆ తర్వాతే కట్టాను, కొంచెం తగ్గించి. తగ్గిందని ఇంట్లో ఎవరూ అన్నం మానలేదు. మీ నాన్న చదువూ ఆగలేదు.

ఇక చెప్పులు కొనడం గురించి విను. సాయంత్రం వెళ్లు, పొద్దంతా నడిచాక పాదం కాస్త ఉబ్బుతుంది, అప్పుడు సరిపోయిందే అసలు సైజు. నీవి మీ నాయనమ్మ పాదాలు, వెడల్పు. సన్నపట్టీలవి చూడటానికి ఎంత బాగున్నా తీసుకోకు. రెండు జతలు కొనుక్కో, వానకి ఒకటి, మామూలుకి ఒకటి. చెప్పులంటే చిన్న సంగతి అనుకోకు, ఈ ఊరి పక్కనే గంగ ఒడ్డున బాటానగర్ అని చెప్పుల ఫ్యాక్టరీ చుట్టూ ఒక ఊరే వెలిసింది, 1930లలో. ఇక్కడ దుర్గా పూజలకి కొత్త చెప్పులు లేని పిల్ల ఉండదు, పేదింట్లో అయినా సరే. బెంగాలీలను చూసి నేర్చుకోదగ్గ సంగతుల్లో ఇదొకటి.

'అంతులేని కథ' మటుకు నువ్వు టీవీలో చూసే ఉంటావు. బాలచందర్ 1974లో తమిళంలో తీసి, 1976లో జయప్రదతో తెలుగులో తీశాడు. మరుసటి ఏడే అది 'కవిత'గా బెంగాలీకి వచ్చింది. నీతని చూసినవాళ్లకి 'అంతులేని కథ'లోని సరిత కొత్త కాదు, ఆమెకూ అదే బరువు, అదే ఇల్లు. నేను ఖరగ్‌పూర్‌లో మనవాళ్ల మధ్య కూర్చుని చూశాను. ఉద్యోగాలు చేసే ఆడపిల్లలు ఆ హాల్లో ఎంతమందో! సరితకి నోరుంది, తాగొచ్చిన అన్నని కడిగేస్తుంది. నాకు నీత కన్నా సరిత మీద నమ్మకం ఎక్కువ. ఆ నోరు నీకు కాస్త ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన పని ఉండేది కాదు. చిన్నప్పటి నుంచి నీది మెత్తటి మనసు, పిప్పరమెంటు బిళ్ల కూడా కొరికి సగం తమ్ముడికి పెట్టేదానివి. అది తలుచుకుంటే నిన్ను కోప్పడటానికి నోరు రాదు.

వీలైతే సత్యజిత్ రాయ్ 'మహానగర్' చూడు, 1963 నాటిది. ఆరతి ఉద్యోగంలో చేరి జీతం అందుకున్నాక అద్దం ముందు నిలబడి ఆ నోట్లతో సహా తనని తాను చూసుకుంటుంది. మాధవీ ముఖర్జీ ముఖంలో ఆ క్షణాన కనిపించే వెలుగు నీ ముఖంలో చూడాలని నా ఆశ. ఇంటికి ఇవ్వొద్దని నేను అనను. నేనూ ఇచ్చిన మనిషినే, మళ్లీ పుడితే మళ్లీ ఇస్తాను. జీతం పడిన రోజు మొదటి ఖర్చు నీది రాసుకో, తర్వాత వాళ్లది. తమ్ముడు ఇంజనీరింగ్ మూడో ఏడు, ట్యూషన్లు చెప్పుకోగలడు. లోను సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతాను, ఆ మాట నువ్వు ఎత్తొద్దు. వాడు నాకు తమ్ముడు, నా మాట వింటాడు. నువ్వు సెలవు పెట్టుకుని పూజలకి రా, టికెట్ నేనే తీస్తాను.

ఆశీస్సులతో,
అత్త