బోడి కొమ్మను సూడుండ్రి

అక్కా, చెల్లే, జర కూసోండ్రి. ఇయ్యాల మన తలకాయల నడిచే ముచ్చటే పెట్టుకుందాం.

సిరిసిల్లల కండెలు చుట్టే అక్కది, కోరుట్లల బీడీలు చేసే చెల్లెది, జగిత్యాలల గ్రూప్స్ పరీక్షలకు చదివే బిడ్డది ఎవలి పని వాళ్లదే. మనసుల గడబిడ మాత్రం ఒక్కటే. చేతులు తునికాకు కత్తిరిస్తుంటయి, మనసు ఫీజుల కాడికి, సంఘం కిస్తు కాడికి, మొదలువెడ్దామనుకున్న కుట్టుపని కాడికి ఉరుకుతది. మంచి ఉపాయం తడుతది. చాట పక్కకు వెట్టి లేసేసరికి మర్చిపోతం. గది మన తెలివితక్కువ కాదు. మనసు ఒక్కసారికి ఏడు సంగతుల దాకనే, ఓ రెండు అటిటుగ, పట్టుకుంటదని అమెరికాల జార్జ్ మిల్లర్ అనే శాస్త్రవేత్త 1956లనే రాసిండు. తర్వాతోళ్లు నాలుగే అన్నరు.

అందుకే మైండ్ మ్యాప్. నడుమ అసలు సంగతి, సుట్టూ కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు. 1974ల టోనీ బుజాన్ అనే రచయిత బీబీసీ టీవీల దీన్ని జనానికి అలవాటు చేసిండు. ఇప్పుడు దీన్ని గీసే ఫ్రీమైండ్, ఫ్రీప్లేన్ సాఫ్ట్‌వేర్లు కంప్యూటర్ల పైస లేకుండ దొరుకుతయి. ఎక్స్‌మైండ్ ఫోన్ల గూడ నడుస్తది. టైపు రాకపోతే కీబోర్డు మైకు నొక్కి తెలుగులనే చెప్పుండ్రి.

సర్కారు బడి పిల్లల యూనిఫాంలు మన మహిళా సంఘాలు కుడుతున్నయి గదా. 2024ల జతకు కుట్టుకూలి 50 నుంచి 75 రూపాయలు అయింది. బడులు జూన్ 12న తెరుస్తరు. మీ సంఘానికి ఆ పని వచ్చిందనుకోండ్రి. నడుమ 'యూనిఫాంలు' అని రాయుండ్రి. సుట్టూ కొలతలు, బట్ట, మిషన్లు, మనుషులు, పైసలు, కరెంటు. ముందుగాల తప్పొప్పులు సూడొద్దు, ఏది గుర్తుకొస్తే అది వెయ్యుండ్రి. వరుస తర్వాత. 'ఇస్త్రీ' అన్న రెమ్మ మనుషుల కింద పడ్డదా? ఫోన్ల దాన్ని పట్టి కరెంటు కిందికి గుంజితే దాని పిల్ల రెమ్మలతోని సహా వస్తది. నోటుబుక్కుల ఐతే కొట్టేసి మల్ల రాయాలె.

నేను ఈ పద్ధతిని ఇంత గట్టిగ చెప్పేది బోడి కొమ్మ కోసం. కొలతలు, మిషన్ల కింద గుత్తులు గుత్తులు రెమ్మలుంటయి. పైసల కింద 'కూలి' అన్న ఒక్క మాటనే ఉంటది. కూలి పైసలు పని అప్పజెప్పినంక వస్తయి. అందాక దారం, గుండీలు, ఆటో కిరాయి ఎవలు పెట్టాలె? స్త్రీనిధి అప్పు అడుగాల్నా? మనం ఆలోచించనిది ఏందో ఆ బోడి కొమ్మ ముంగటనే సూపిస్తది. కాయితం మీద వరుసగ రాసుకుంటే ఆ ఖాళీ కండ్లవడదు.

చదువుకునే బిడ్డలకు గూడ గంతే. గ్రూప్స్‌ల తెలంగాణ ఉద్యమం మూడు కాలాలు: 1948–1970, 1971–1990, 1991–2014. మూడు పెద్ద కొమ్మలు. 1956 పెద్దమనుషుల ఒప్పందం నుంచి 1969 ఉద్యమానికి ఒక బాణం గీస్తే కారణం మనసుల నిలుస్తది. 1978ల రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర నడిమి కొమ్మ మీద కూసుంటది. అదే ఏడు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగ ప్రకటించిండ్రు, దానికింకో బాణం. మన ఊరి సంగతి మనకే పరీక్షల మార్కులు తెచ్చుడు నాకైతే మస్తు సంతోషం.

రంగులు, బొమ్మలు ఏరుకుంట గంట పోగొట్టుకోకుండ్రి. లెక్కలకు మాత్రం మైండ్ మ్యాప్ పనికిరాదు, వాటికి సంఘం పుస్తకమే మేలు.

ఈసారి సంఘం మీటింగుకు పోయేముందు మీ మనసుల ఉన్న పనొకటి నడుమ రాసి కొమ్మలు గీయుండ్రి. మీటింగుల నిండు కొమ్మలు పక్కకువెట్టి, బోడి కొమ్మ ముచ్చటనే ముందుగాల తీయుండ్రి.