ఊరెళుతున్నారా? మరి పిల్లి సంగతి?

పిల్లలూ! సెలవులు వచ్చాయంటే అమ్మమ్మగారి ఊరికో, తిరుపతికో ప్రయాణం కడతాం. ఇంట్లో పిల్లి ఉంటే దాన్నేం చెయ్యాలి? వెంట తీసుకుపోవాలా? "పిల్లే కదా, దాని తిండి అదే చూసుకుంటుంది" అని తాళం వేసి పోవాలా?

తాళం వేసి పోవడం నేను చేసి చూశాను. సూళ్లూరుపేటలో మా ఇంట్లో ఒక చారల పిల్లి ఉండేది. ఒక మే నెలలో పెళ్లికని నాలుగు రోజులు నెల్లూరు వెళ్లాం. పెద్ద గిన్నె నిండా పెరుగన్నం, మరో గిన్నెలో పాలు పెట్టి తలుపులన్నీ మూశాను. తిరిగివచ్చి చూస్తే పెరుగన్నం ముట్టలేదు. పాలు విరిగి చీమలు పట్టాయి. పిల్లి స్నానాల గదిలో చల్లని బండ మీద పడి ఉంది. పిలిస్తే లేవలేదు. పశువుల ఆసుపత్రికి ఎత్తుకుపోయి ఎలాగో బతికించుకున్నాం. సైన్సు మాస్టారిని, అయినా మూడు తప్పులు చేశాను.

మొదటిది నీళ్లు పెట్టకపోవడం. మన పెంపుడు పిల్లికి పూర్వీకురాలు ఉత్తర ఆఫ్రికా, పశ్చిమ ఆసియాల్లోని పొడి నేలల్లో తిరిగే అడవిపిల్లి. దాని మూత్రపిండాలు నీటిని ఎంతో పొదుపుగా వాడతాయి. మూత్రం చిక్కగా వస్తుంది. పిల్లికి దాహం కూడా తక్కువే. ఎందుకంటే అది పట్టే ఎలుక ఒంట్లో సుమారు మూడింట రెండు వంతులు నీరే! తలుపులు మూసిన ఇంట్లో ఎలుక దొరక్కపోతే ఆ నీరూ లేదు. పైగా మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడే వీలు దానికి లేదు. చెమట పట్టేది పాదాల మెత్తలకే. అందుకే నాలుకతో ఒళ్లు తడుపుకుంటుంది. మన తీరపు ఎండల్లో దానికి రెండు మూడు చోట్ల వెడల్పాటి మట్టిచిప్పల్లో నీళ్లుండాలి, గాలి ఆడే కిటికీ ఒకటుండాలి.

రెండో తప్పు తిండి. పిల్లి పూర్తిగా మాంసాహారి. దాని కళ్లకూ, గుండెకూ టారిన్ అనే పదార్థం కావాలి. అది మాంసంలోనూ చేపల్లోనూ ఉంటుంది, అన్నంలో ఉండదు. పాలా? ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, విరేచనాలవుతాయి. ఎండుచేపలు పెట్టి పోదామంటారేమో, వాటిలో ఉప్పెక్కువ, దాహం పెంచుతాయి.

మూడోదే అన్నిటికన్నా ప్రమాదం. మనం నాలుగు రోజులు పస్తుంటే నీరసిస్తాం, మళ్లీ తింటే కోలుకుంటాం. పిల్లి అలా కాదు. రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలోకి చేరుతుంది. పిల్లి కాలేయం అంత కొవ్వును ఖర్చు చెయ్యలేదు. అది అక్కడే పేరుకుని, కామెర్లు వచ్చి, చివరికి ప్రాణం పోవచ్చు. బొద్దుగా ఉన్న పిల్లికి ఈ ముప్పు మరీ ఎక్కువ.

అలాగని బుట్టలో పెట్టి వెంట తీసుకుపోవడమూ మంచిది కాదు. పిల్లి స్తంభాలకూ తలుపులకూ బుగ్గలు రుద్దుతుంది, చూశారా? తన వాసన అంటించి "ఇది నా చోటు" అని గుర్తు పెట్టుకుంటోందన్నమాట. ఆ వాసన లేని కొత్త ఇంట్లో మంచం కింద దూరి తిండి మానేస్తుంది, లేదా పారిపోతుంది.

కాబట్టి పిల్లిని ఇంట్లోనే ఉంచండి. పక్కింటి అత్తకు తాళం ఇచ్చి, పొద్దునా సాయంత్రమూ ఉప్పూ కారమూ లేకుండా ఉడికించి ముల్లు తీసిన చేప కొంచెం పెట్టమనండి. మిగిలింది వెంటనే తీసెయ్యాలి, ఎండకు త్వరగా పాడవుతుంది. ఒక మూల ఇసుక తొట్టి ఉంచండి. తాళం వేసేముందు బీరువా, అటక వెతకండి. తల్లిపిల్లి బయటా పిల్లలు లోపలా ఉండిపోతే ఎంత ఘోరం! శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజుందేమో కూడా చూసుకోండి. మనకు కిటికీలు అదిరినట్లుంటుంది, మనకన్నా ఎంతో చురుకైన చెవులున్న పిల్లికి ఎలా ఉంటుందో! దూరడానికి ఒక అట్టపెట్టె పెట్టిపోండి.

గిన్నె ఖాళీ అయిందా అని చూస్తే చాలదని అత్తకు చెప్పండి. ఎలుకో, వీధి పిల్లో తినిపోయి ఉండవచ్చు. పిల్లిని కళ్లారా చూడాలి. ఒక రోజంతా తినకపోతే మీకు ఫోను చేసి, పశువైద్యుడికి చూపించాలి. మీ నంబరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, నీళ్లచిప్ప పైన గోడకు అంటించి వెళ్లండి.