దేహమునకు కావలివారు

కాలిలో ముల్లు గ్రుచ్చుకొనినచో కొంతసేపటికి ఆ చోటు ఎర్రబారి, వేడెక్కి, వాచి, సలుపు పెట్టును. ఈ బాధ దేహములోని కావలివారు మేల్కొని పనికి పూనుకొనిరనుటకు గుర్తు. ఆ కావలివారిని లోకమునకు ఎరుకపరచిన మహనీయుడు ఎలీ మెచ్నికాఫ్. ఆయన నాటి రష్యా సామ్రాజ్యమున, నేటి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ ప్రాంతమున, 1845లో జన్మించెను.

1882లో మెచ్నికాఫ్ సిసిలీ ద్వీపమునందలి మెస్సీనా పట్టణమున, సముద్రతీరమున నివసించుచుండెను. ఒకనాడు ఇంటివారందరు సర్కసు చూడబోయిరి. ఆయన ఒంటరిగా సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి, సముద్రనక్షత్రముల పిల్లలను పరీక్షించుచుండెను. అవి గాజువలె పారదర్శకములు. వాని లోపల సంచరించు కణములు స్పష్టముగా కనబడుచుండెను. ఈ కణములు శత్రువులనుండి ప్రాణిని కాపాడునేమో యను తలపు ఆయనకు తటాలున కలిగెను. అదియే నిజమైనచో, ముల్లు గ్రుచ్చిన చోట అవి గుమిగూడవలెను. వెంటనే ఆయన తోటలోని గులాబి ముండ్లను తెచ్చి వాని చర్మము క్రింద గ్రుచ్చెను. ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. తెల్లవారి చూడగా, కణములు ముండ్లను చుట్టుముట్టి యుండెను!

ఇట్టి కణములు సూక్ష్మజీవులను మ్రింగి జీర్ణము చేసికొనునని ఆయన తరువాత నిరూపించెను. వానికి భక్షక కణములని పేరు. మన రక్తములోని తెల్లకణములలో కొన్ని ఇట్టివే. ఈ కృషికి 1908లో ఆయనకు, పాల్ ఎర్లిక్ అను శాస్త్రజ్ఞునితో కలిపి, నోబెల్ బహుమతి లభించెను.

అయినను ఒక ప్రశ్న మిగిలెను. కావలివాడు తనవారినెవరు, పరులనెవరు అని ఎట్లు గుర్తించును? 1989లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఛార్లెస్ జేన్‌వే ఒక సమాధానమును ఊహించెను. సూక్ష్మజీవులయందుండి మన దేహమునందు లేని పదార్థములు కొన్ని కలవు. వానిని గుర్తించు గ్రాహకములు మన కణములపై ఉండవలెనని ఆయన అభిప్రాయము. 1996లో ఫ్రాన్సు దేశమున జూల్స్ హాఫ్‌మన్ బృందము, టోల్ అను జన్యువు చెడిన పండ్ల ఈగలు బూజు తెగులును ఎదిరింపలేక చనిపోవుటను కనుగొనెను.

ఈ గ్రాహకముల విలువ ఎలుకల వలన మరింత తేటపడెను. కొన్ని బాక్టీరియాల పైపొరలో ఒక విషపదార్థము కలదు. దానిని ఎక్కించినచో సామాన్యమైన ఎలుకలు చనిపోవును. ఒక వంశపు ఎలుకలకు మాత్రము ఏమియు కాదు. అవి అదృష్టము గలవని తోచవచ్చును. కాని సజీవమైన బాక్టీరియా సోకినపుడు ముందుగా చచ్చునవి ఆ ఎలుకలే. టోల్‌ను పోలిన ఒక జన్యువు వానిలో చెడియున్నదని 1998లో బ్రూస్ బాయిట్లర్ బృందము కనుగొనెను. కావలివాడు శత్రువును గుర్తింపనే లేదు! 2011 నాటి నోబెల్ బహుమతిలో హాఫ్‌మన్, బాయిట్లర్‌లకు భాగము లభించెను.

శత్రువును గుర్తించిన కణము రసాయనములతో హెచ్చరిక పంపును. రక్తనాళములు వ్యాకోచించును; వాపు, వేడి కలుగును; కొన్ని గంటలలో తెల్లకణములు గుంపులుగా వచ్చి చేరును. ఈ రక్షణ పుట్టుకతో వచ్చినది. శత్రువును మునుపు ఎరిగియుండవలసిన పని లేదు.

మరి సామాన్యమైన ఎలుకలు ఏల చనిపోయెను? ఎక్కించిన విషములో సజీవమైన సూక్ష్మజీవి ఒక్కటియు లేదు. కావలివారి ఉద్రేకమే వానిని చంపెను. మనుష్యులలో కూడ, సూక్ష్మజీవులు సోకినపుడు ఈ ప్రతిక్రియ అదుపు తప్పి స్వంత అవయవములనే చెరచుట కలదు. దానిని సెప్సిస్ అందురు, అది ప్రాణాపాయకరము. కంచెయే చేను మేసినట్లన్నమాట.

అందుచే దేహము తన భటులకు కళ్లెమును కూడ అమర్చుకొన్నది. మూత్రపిండములపై నుండు గ్రంథులు స్రవించు కార్టిసాల్, కణములు పంపు ఇంటర్‌ల్యూకిన్-10 అను పదార్థము ఆ ఉద్రేకమును తగ్గించును. పోరాడిన తెల్లకణములు పని ముగియగానే నశించును. పెద్ద భక్షక కణములు వానిని మ్రింగి, శాంతింపుమని తోడి కణములకు సంకేతమిచ్చును. అంతట వాపు తీసి, గాయము మానును.

శత్రువు వచ్చినపుడు లేచుట కావలివాని ధర్మములో సగము. పని తీరిన పిమ్మట ఆయుధము దించుట తక్కిన సగము.