బరువు తగ్గిన గురక జబ్బు తగ్గునా?

"తగ్గుట" యను క్రియకు మన తెలుగున రెండర్థములు గలవు. "బియ్యము ధర తగ్గినది" అన్నప్పుడు ధర బొత్తిగా లేకుండ పోయినదని యెవ్వరు ననుకొనరు. మునుపటికంటె కొంచెము దిగినదని మాత్రమే గ్రహింతురు. "పిల్లవానికి జ్వరము తగ్గినది" అన్నప్పుడో, జ్వరము పూర్తిగా విడిచిపోయినదని తల్లి సంతోషించును. ఒకే మాట యొకచోట కొంత పోవుటను, వేఱొకచోట మొత్తము పోవుటను దెలుపుచున్నది. సామాన్య సంభాషణమున నిందువలన నష్టము లేదు. వైద్యవిషయమున మాత్రము ఈ రెండర్థములను గలిపివేసినచో ప్రాణాపాయము గలుగవచ్చును.

గురకతో గూడిన స్లీప్ ఆప్నియా యను జబ్బు విషయమున నిట్టి కలగాపులగమే సాగుచున్నది. "బరువు తగ్గిన నీ జబ్బు తగ్గును" అని పలువురు చెప్పుచున్నారు. ఈ వాక్యమున మొదటి "తగ్గుట" యెట్టిదో యందఱికిని దెలియును. రెండవ "తగ్గుట" ధర తగ్గుట వంటిదా, జ్వరము తగ్గుట వంటిదా యని పరీక్షించుటయే యీ పాఠముయొక్క యుద్దేశము.

1. జబ్బు స్వరూపము

ఆప్నియా యనునది గ్రీకు భాషనుండి వచ్చిన పదము. ఊపిరి లేకుండుట యని దాని యర్థము. నిద్రలో గొంతుక మూసికొనిపోయి, గాలి యాడక, ఊపిరి మాటిమాటికి నాగుటయే స్లీప్ ఆప్నియా.

విద్యార్థులారా, ఒక చిన్న ప్రయోగము చేసి చూడుడు. కాగితమును గొట్టముగా జుట్టి, నోట బెట్టుకొని, గాలిని లోనికి బీల్చుడు. గాలి సుఖముగా వచ్చును. ఆ గొట్టమునే నీట దడిపి మరల బీల్చుడు. మెత్తబడిన గోడలు లోనికి ముడుచుకొని యొకదాని కొకటి యంటుకొనును. ఎంత గట్టిగా బీల్చిన నంత గట్టిగా మూసికొనును. మన కంఠములోని వాయునాళమునకు మృదులాస్థి వలయములు గలవు; కావున నది ముడుచుకొనదు. దానికి బైన, నాలుక వెనుకనున్న భాగమునకు నట్టి వలయములు లేవు. అచ్చట కండరములే కాపలా కాయుచుండును. మెలకువగా నున్నంతసేపు అవి గొంతుకను దెఱచి పట్టుకొనును. నిద్ర పట్టగానే సడలును. కొందఱిలో గొంతుక యప్పుడు తడిసిన కాగితపు గొట్టమువలె మూసికొనును.

ఊపిరి కనీసము 10 సెకండ్లపాటు ఆగినచో దాని నొక లెక్కగా వైద్యులు గణింతురు. ఆ సమయమున రక్తములోని ప్రాణవాయువు క్షీణించును. మెదడు కలవరపడి నిద్రించువానిని క్షణకాలము మేల్కొలుపును. అతడు పెద్ద గురకతో ఊపిరి దీసికొని మరల నిద్రపోవును. ఇదంతయు అతనికి దెలియదు. ప్రక్కన బరుండినవారికే దెలియును. రాత్రి పరీక్షలో నిట్టి యాటంకములను యంత్రములతో లెక్కింతురు. పెద్దవారిలో గంటకు 5 కంటె తక్కువైనచో ఆరోగ్యస్థితి; 5 మొదలు 15 లోపల స్వల్పము; 15 మొదలు 30 లోపల మధ్యమము; 30 గాని యంతకు మించి గాని యున్నచో తీవ్రము.

దీని ఫలముగా పగలు కునికిపాట్లు, ఉదయమున తలనొప్పి, జ్ఞాపకలోపము, రక్తపు పోటు మొదలగునవి గలుగుచున్నవి. వాహనము నడుపువాడు ఒక్క రెప్పపాటు కాలము నిద్రపోయినను ఎంత యనర్థము గలుగునో చెప్ప బనిలేదు. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థవారు 2023 సంవత్సరమున ప్రకటించిన యంచనాను బట్టి, మన దేశమున పనిచేయు వయస్సుననున్న వారిలో సుమారు 10 కోట్ల 40 లక్షల మందికి నీ జబ్బు గలదు. కావున నిది యెక్కడనో పరదేశమున నున్న వ్యాధి కాదు. మన వీధిలోనే యున్నది.

2. నవ్వులాటనుండి శాస్త్రమునకు

గురక పెట్టువానిని జూచి నవ్వుట లోకమున బాతకాలపు టలవాటు. మన కథలలో కుంభకర్ణుడు గలడు. ఆంగ్లమున చార్లెస్ డికెన్సు 1836, 1837 సంవత్సరములలో వ్రాసిన "పిక్విక్ పేపర్స్" అను నవలలో జో యను లావుపాటి కుఱ్ఱవాడు గలడు. వాడు నిలుచున్నచోటనే నిద్రపోవును. 1956లో అమెరికా వైద్యులు కొందఱు, మిక్కిలి స్థూలకాయులలో ఊపిరి మందగించు నొక వ్యాధిని వర్ణించి, దానికి పిక్విక్ పేరే పెట్టిరి. 1965లో ఫ్రాన్సు, జర్మనీ దేశముల పరిశోధకులు నిద్రలో ఊపిరి యాగుటను యంత్రములతో గుర్తించిరి. 1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున కోలిన్ సల్లివాన్ అను వైద్యుడు, గాలిని కొంత యొత్తిడితో ముక్కులోనికి బంపి గొంతుకను దెఱచియుంచు పద్ధతిని ప్రకటించెను. ఇదియే నేటి సీప్యాప్ యంత్రము. ఇది కళ్లజోడు వంటిది. పెట్టుకొన్నంతసేపు పనిచేయును, తీసివేసిన పిదప లోపము యథాప్రకారముగా నుండును.

ఈ చరిత్రవలన లోకమునకొక మేలును, ఒక కీడును గలిగినవి. జబ్బు బయటపడుట మేలు. ఇది లావుపాటివారి జబ్బు మాత్రమే యను నభిప్రాయము నాటుకొనుట కీడు.

3. క్రొవ్వునకును గొంతుకకును సంబంధమేమి?

సంబంధము నిశ్చయముగా గలదు. బరువు పెరిగినప్పుడు క్రొవ్వు పొట్టయందు మాత్రమే చేరదు. మెడ చుట్టును, గొంతుక గోడలలోను, నాలుకలోను గూడ జేరును. దారి యిఱుకగును. పొట్టలోని క్రొవ్వు ఊపిరితిత్తులను పైకి ద్రోయును. అందువలన వాయునాళము క్రిందికి లాగబడి బిగువుగా నుండుట తప్పి, గొంతుక మరింత వదులగును.

నాలుకకు క్రొవ్వు పట్టునా యని కొందఱు నవ్వవచ్చును. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు 67 మంది స్థూలకాయులైన రోగుల గొంతుకలను ఎం.ఆర్.ఐ. చిత్రములతో పరిశీలించి 2020లో ఫలితములను ప్రకటించిరి. ఆరు నెలలలో వారి బరువు సగటున నూటికి 10 వంతులు తగ్గెను. జబ్బు నూటికి 31 వంతులు తగ్గెను. ఈ మేలునకు ముఖ్యకారణము నాలుకలోని క్రొవ్వు కరగుటయే యని వారు కనుగొనిరి.

4. ఒక లెక్క

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున 690 మందిని నాలుగేసి సంవత్సరముల యెడముతో బరీక్షించి, 2000 సంవత్సరమున ఫలితములను ప్రకటించిరి. శరీరపు బరువు నూటికి 10 వంతులు పెరిగినచో ఊపిరి యాటంకములు సగటున నూటికి 32 వంతులు పెరుగుననియు, 10 వంతులు తగ్గినచో 26 వంతులు తగ్గుననియు తేలినది.

ఈ సగటును బట్టి ముగ్గురు రోగుల లెక్క కట్టుదము. ముగ్గురును 90 కిలోల బరువువారు. ముగ్గురును 81 కిలోలకు దిగిరి. మొదటివానికి గంటకు 6 ఆటంకములుండెను. ఇప్పుడు సుమారు 4½. అతడు ఆరోగ్యస్థితికి వచ్చినట్లే. రెండవవానికి 20 ఉండెను. ఇప్పుడు సుమారు 15. మధ్యమస్థితికిని స్వల్పస్థితికిని నడుమ గడపమీద నున్నాడు. మూడవవానికి 50 ఉండెను, ఇప్పుడు 37. ఇంకను తీవ్రస్థితియే. ఏడు గంటలు నిద్రించినచో రాత్రి 350 మారు లాగు ఊపిరి యిప్పుడు 259 మారు లాగుచున్నది.

ముగ్గురును సమానముగా శ్రమించిరి; ముగ్గురికిని జబ్బు "తగ్గినది". కాని మొదటివానికి జ్వరము తగ్గినట్లు తగ్గినది. మూడవవానికి ధర తగ్గినట్లు తగ్గినది. మొదటివాని మాట విని మూడవవాడు తన యంత్రమును బీరువాలో దాచినచో నేమగును? ఈ లెక్క సగటు లెక్క యనియు, ఒక్కొక్కని దేహము ఒక్కొక్క తీరున నడచుననియు గూడ మఱవరాదు.

5. స్వీడను దేశపు పరిశోధన

సగటు లెక్క యటుండ, నిజముగా బరువు తగ్గించి చూచిన వారికేమి జరిగినది? స్వీడను దేశపు రాజధాని యగు స్టాక్‌హోములో జరిగిన యొక పరిశోధన 2009లో ప్రకటింపబడెను. సీప్యాప్ వాడుచున్న 63 మంది స్థూలకాయులైన పురుషులను రెండు జట్లుగా విభజించిరి. 30 మందికి 7 వారములపాటు దినమునకు సుమారు 550 కాలరీలు మాత్రమే గల ద్రవాహారమిచ్చి, పిదప 2 వారములలో గ్రమముగా సామాన్యాహారమునకు దెచ్చిరి. 33 మంది యలవాటు భోజనమునే చేసిరి.

తొమ్మిది వారముల యనంతరము మొదటి జట్టువారు రెండవ జట్టువారికంటె సగటున 20 కిలోలు తక్కువ తూగిరి. వారి యాటంకములు గంటకు 23 తక్కువయ్యెను. ఆ 30 మందిలో అయిదుగురు పూర్తిగా విముక్తులైరి. 15 మంది స్వల్పస్థితికి వచ్చిరి. తక్కిన 10 మందికి మధ్యమముగనో తీవ్రముగనో జబ్బు నిలిచియే యుండెను. తరువాత రెండవ జట్టువారికిని ఆ యాహారమే యిచ్చి, అందఱిని ఒక యేడు కనిపెట్టి 2011లో ఫలితములను దెలిపిరి. 63 మందిలో 30 మందికి యంత్రముతో బని లేకపోయెను. పూర్తిగా నయమైనవారు 6 మంది.

ఈ అంకెలను రెండు వైపులనుండియు జూడవలెను. సగమునకు సమీపమైనవారు యంత్రమును విడిచిరనుట గొప్ప సంగతి. బరువు తగ్గుట నిష్ఫలమని చెప్పువారి నోరు దీనితో మూతపడును. పదింట తొమ్మండుగురిలో జబ్బు కొంతయైన మిగిలినదనుట రెండవ సంగతి. "బరువు తగ్గిన చాలును" అనువారి నోరు దీనితో మూతపడును. అట్టి కఠినాహారము వైద్యుల కనుసన్నలలో జరిగినది. ఇంటిలో నెవ్వరును దాని ననుకరింపరాదు.

ఇటీవల ఔషధములు గూడ వచ్చినవి. టిర్జెపటైడ్ అను మందును ఊబకాయము గల పెద్దలలో మధ్యమ, తీవ్ర స్థితులకు వాడుటకు 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ యనుమతించెను. ఆ మందుతో గూడ పలువురికి నుపశమనము గలిగినదే కాని, అందఱికిని నయము కాలేదు.

6. సన్ననివారును, పిల్లలును

బరువు పోయినను జబ్బు మిగులుట కేమి కారణము? గొంతుక దారిని ఇఱుకు చేయునది క్రొవ్వొక్కటే కాదు. దవడ చిన్నదై వెనుకకు నుండుట, ముక్కు మూసికొనుట, వంశలక్షణము, వయస్సుచే కండరములు వదులగుట, ఇవన్నియు గారణములే. ఎముక యుపవాసమునకు గరగదు. కావున సన్ననివారికిని ఈ జబ్బు రావచ్చును. తూర్పు ఆసియావాసులలో ముఖపు టెముకల నిర్మాణమువలన, అంతగా లావు లేనివారికి గూడ నిది వచ్చుచున్నది.

పిల్లల సంగతి వేఱు. వారిలో ముఖ్యకారణము గొంతులోని టాన్సిల్సును, ముక్కు వెనుకనున్న అడినాయిడ్సును పెరుగుట. రాత్రి గురక పెట్టుట, నోరు దెఱచి నిద్రించుట, పక్క తడుపుట, పగలు పాఠమున మనస్సు నిలుపలేక యల్లరి చేయుట దీని చిహ్నములు. ఇట్టివారికి తఱచుగా వైద్యులు శస్త్రచికిత్స చేయుదురు. ఉపాధ్యాయులమగు మాకు నిది ముఖ్యమైన పాఠము. బల్లమీద తలవాల్చిన బాలుని సోమరి యని దండించుటకు ముందు, వాడు రాత్రి యెట్లు ఊపిరి దీయుచున్నాడో వాని తల్లి నడుగుట మన విధి. లావుగా నున్న తోటి విద్యార్థిని కుంభకర్ణుడని పిలిచి నవ్వుటయు మాన్పవలెను. నవ్వుచే నెవ్వరికిని గొంతుక తెఱచుకొనదు.

7. తల్లిదండ్రులకు మనవి

మా పాఠశాల పిల్లల తండ్రులలో రాత్రివేళ లారీలును బస్సులును నడుపువారు గలరు. ఇంటనెవ్వరైనను బిగ్గరగా గురకపెట్టుచు, నడుమనడుమ నిశ్శబ్దమై, పిదప ఉలికిపడి ఊపిరి దీయుచున్నచో, దానిని మంచి నిద్రకు గుఱుతుగా నెంచక వైద్యునికి జూపవలెను. బరువెక్కువగా నున్నవారు మితాహారముచేతను, నడకచేతను దానిని దగ్గించుకొనవలెను. జబ్బు పూర్తిగా నయము గాకున్నను రక్తపు పోటు, మధుమేహము మొదలగు వానియందు గూడ మేలు గలుగును. మద్యము గొంతుక కండరములను సడలించును గాన దానిని మానవలెను. కొందఱికి వెల్లకిల కాక ప్రక్కకు దిరిగి పరుండుటచే నుపశమనము గలుగును.

అన్నిటికంటె ముఖ్యమైనది యొకటి. బరువు తగ్గినది, గురక తగ్గినది, ఒడలు తేలికగా నున్నది యని యెవ్వరును యంత్రమును స్వయముగా విడువరాదు. రాత్రి పరీక్షను మరల చేయించుకొని, వైద్యుడు సంఖ్యను జూచి చెప్పిన పిదపనే విడువవలెను. తూకపు యంత్రము బరువును మాత్రమే చెప్పును. ఊపిరి సంగతి దానికి దెలియదు.

కావున మా ప్రశ్నకు జవాబిది: బరువు తగ్గిన నీ జబ్బు పలువురికి ధరవలె దగ్గును, కొందఱికి జ్వరమువలె దగ్గును. తాను ఏ తెగలోని వాడో పరీక్షలేక యెవ్వడును దెలిసికొనలేడు.

అభ్యాసము

1. తడిసిన కాగితపు గొట్టమునకును, నిద్రించువాని గొంతుకకును గల పోలికను వివరింపుడు.
2. ఒకనికి గంటకు 40 ఆటంకములు గలవు. బరువు నూటికి 10 వంతులు తగ్గినచో, విస్కాన్సిన్ సగటును బట్టి యెన్ని మిగులును? అది యే స్థితి?
3. "తగ్గుట" వలె రెండర్థములు గల వేఱొక తెలుగు క్రియను దెల్పి, రెండు వాక్యములలో బ్రయోగింపుడు.